మూడో సీటు నెలకు ఎన్ని రోజులు కావాలి?

వాహనాల శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటి విషయం ఒకటే. టాప్ తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆదివారపు సరదాకు మాత్రమే కాకుండా, రోజూ ఆఫీసుకూ బజారుకూ తిప్పుకునే బండిగా పెట్టుకోవచ్చా అన్నది ఆ విషయం. అలాంటి కారునే తొమ్మిదేళ్లుగా వానలోనూ ఎండలోనూ రోజూ నడుపుతున్నాను కనుక ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. వారానికి నాలుగు రోజులు ఇర్వింగ్‌లోని ఆఫీసుకు వెళ్లి వస్తాను. ఏడుగురు పట్టే వ్యాన్ ఒకటి ఇంట్లో ఉంది, దానిని నా భార్య నడుపుతుంది. 2019 మోడల్ మజ్దా ఎం.ఎక్స్.-5 మియాటా, గుడ్డ టాప్, మాన్యువల్ గేర్లు ఉన్నది అమ్మకానికి వచ్చింది. ఇలాంటి కారు కొనాలన్నది నాకు చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక. మాకు మూడేళ్ల బాబు ఉన్నాడు. డిసెంబరులో అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. ఆరు నెలల్లో అమ్మేసుకుంటావని స్నేహితులంతా అంటున్నారు. అది నిజమేనా? ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు కారును వెంట తీసుకువెళ్లవచ్చా?

జవాబు: మీ స్నేహితులు కారును చూసి భయపడుతున్నారు గానీ, చూడవలసింది మీ ఇంటి క్యాలెండరును. గత మూడు నెలల క్యాలెండరును ముందు పెట్టుకుని, మీ చేతిలో ఉన్న బండిలో మూడో మనిషి తప్పనిసరిగా కూర్చోవలసి వచ్చిన రోజులు ఎన్నో, వాటిలో వ్యాన్ మీకు దొరకని రోజులు ఎన్నో గుర్తు పెట్టండి. ఆ రెండో లెక్క నెలకు ఒకటి రెండు రోజులైతే ఈ కారుతో మీకు ఇబ్బంది ఉండదు. వారానికి ఒకటి రెండు రోజులైతే కారు ఎంత మంచిదైనా అది మీ ఇంట్లో గొడవలకు కారణమవుతుంది. నాకు తెలిసినంతలో ఇలాంటి కార్లను త్వరగా అమ్మేసుకున్నవారిలో ఎక్కువమంది ఈ లెక్క వేసుకోకుండా కొన్నవారే.

యంత్రం సంగతికి వస్తే, ఈ మోడల్ పుట్టింది రోజువారీ వాడకానికే. రోడ్‌స్టర్లు అనే పాత బ్రిటిష్ రెండు సీట్ల ఓపెన్ టాప్ కార్లలోని ఆనందాన్ని వాటి నూనె కారడాలు, కరెంటు తీగల సమస్యలు లేకుండా అందించాలన్న ఉద్దేశంతో మజ్దా దీనిని 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ ప్రదర్శనలో తొలిసారి చూపించింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు హిరోషిమా కర్మాగారం నుంచి బయటకు వచ్చింది. ఇన్ని లక్షల కార్లు రోడ్డెక్కాయంటే విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, పని తెలిసిన మెకానిక్కులూ దొరుకుతారు. మీరు చూసిన 2019 మోడల్ సరైన ఎంపిక అని నా అభిప్రాయం, ఎందుకంటే అమెరికాలో ఆ ఏడాదే రెండు లీటర్ల ఇంజను శక్తి 155 హార్స్‌పవర్ నుంచి 181కి పెరిగింది, స్టీరింగును ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. రోజుకు గంటన్నర కూర్చునేవారికి ఆ రెండింటిలో స్టీరింగు మార్పే ముఖ్యం. మాన్యువల్ గేర్ల కారు గాలన్‌కు నగరంలో 26, హైవే మీద 34 మైళ్లు ఇస్తుందని అధికారిక లెక్క. అయితే దీనికి ప్రీమియం పెట్రోలు వాడమని కంపెనీ సిఫారసు చేస్తుంది కనుక ఆ ఖర్చును ముందే కలుపుకోండి. ఈ తరంలో మొదటి ఏళ్ల కార్ల మాన్యువల్ గేర్‌బాక్సు మీద ఫిర్యాదులు వచ్చాయి. కొనేది ఏ ఏడాది కారైనా రెండో గేరు, మూడో గేరు వేడెక్కిన తర్వాత కూడా శబ్దం లేకుండా పడుతున్నాయో లేదో అరగంట నడిపి చూడండి.

సామాను విషయంలో నిజం చెప్పాలి. ట్రంకులో, అంటే డిక్కీలో, పట్టేది 130 లీటర్లే, అంటే విమానంలో చేతిలో పట్టుకెళ్లే మెత్తటి సంచులు రెండు. వారం సరుకులు సర్దుకుంటే పడతాయి, 20 పౌండ్ల సోనామసూరి బియ్యం బస్తా పక్క సీటులో కూర్చుంటుంది. సీటు కింది సెన్సారు ఆ బస్తాను మనిషి అనుకుని బెల్టు కోసం మోగుతుంది కనుక బస్తాకు బెల్టు పెట్టవలసిందే, పెడితే బ్రేకు వేసినప్పుడు జారిపోకుండా కూడా ఉంటుంది. డ్యాష్‌బోర్డులో కాగితాలు పెట్టుకునే అర లేదు, ఉన్న చిన్న అర సీట్ల మధ్య వెనుక భాగంలో ఉంటుంది. స్టెప్నీ టైరు కూడా లేదు. పంక్చరు పూడ్చే ద్రవం, చిన్న గాలి పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్కగోడ చినిగితే ఆ ద్రవం పనికిరాదు కాబట్టి, దారిలో సాయానికి వచ్చే సేవ ఒకదానిలో సభ్యత్వం తీసుకోవడం తప్పనిసరి.

టాప్ గురించి అమెరికా ఉత్తర రాష్ట్రాలవారి సలహాలు మీకు పనికిరావు. మీ డాలస్ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో టాప్ తెరవడం శిక్షే. అప్పుడు మూసి ఏసీ వేసుకుంటే, లోపలి చోటు చిన్నది కనుక త్వరగానే చల్లబడుతుంది. మీకు నిజమైన కన్వర్టిబుల్ కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు. యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో కిటికీ అద్దాలు పైకెత్తి, హీటరు కాళ్ల వైపు తిప్పి, టాప్ తెరిచి వెళ్లే ఉదయపు ప్రయాణం ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పడం నాకు కష్టం, ఆ ఒక్క అరగంట కోసమే నేను ఈ కారును తొమ్మిదేళ్లుగా ఉంచుకున్నాను. ఈ గుడ్డ టాప్‌ను సిగ్నల్ దగ్గర కూర్చున్నచోటి నుంచే ఒంటిచేత్తో తీయవచ్చు, వేయవచ్చు. మోటారుతో ముడుచుకునే గట్టి టాప్ ఉన్న ఆర్.ఎఫ్. రకం కూడా ఉంది గానీ, తెరిచినప్పుడు చెవుల వెనుక గాలి సుడి తిరుగుతుంది, తల పైన చోటు కాస్త తగ్గుతుంది. రోజువారీ వాడకానికి నా ఓటు గుడ్డ టాప్‌కే.

హైవే మీద టాప్ తెరిచి వెళ్లేవారు చెవుల గురించి ఆలోచించాలి. ఎనిమిది గంటల పని దినానికి 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. డెబ్బై మైళ్ల వేగంలో తెరిచిన కారు లోపలి రొద ఆ స్థాయిని దాటగలదు. అందుకే హైవే ఎక్కే ముందు మూసి, దిగిన తర్వాత తెరవడం నా అలవాటు. సన్‌స్క్రీన్ విషయంలోనూ నిర్లక్ష్యం వద్దు. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలపు వడగళ్లకు గుడ్డ కొంత తట్టుకున్నా బానెట్ తట్టుకోదు. మీ గ్యారేజీలో రెండో చోటు అట్టపెట్టెలతో నిండి ఉంటే, కారు కొనే ముందు దానిని ఖాళీ చేయండి.

రోడ్డు మీద మీ తల ఒక పెద్ద పికప్ ట్రక్కు తలుపు పిడి ఎత్తులో ఉంటుంది. ఆ డ్రైవరు మిమ్మల్ని చూడలేదనే అనుకుని నడపాలి. పగలు కూడా దీపాలు వేసుకోండి, పక్క అద్దాలను మీ కారు అంచు కనిపించనంత బయటకు తిప్పుకోండి, ట్రక్కు వెనుక చక్రాల పక్కన ఎప్పుడూ నిలవకండి. టాప్ మూసినప్పుడు కుడి వెనుక మూల దాదాపు కనిపించదు.

ఇక ఇంటివారి సంగతి. మూడేళ్ల బాబు ఈ కారులో ఎక్కకూడదన్నదే నా సలహా. పదమూడేళ్లలోపు పిల్లలు వెనుక సీటులోనే కూర్చోవాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ చెబుతుంది, ఈ కారులో ఆ వెనుక సీటే లేదు. వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటునైతే పనిచేసే ఎయిర్‌బ్యాగు ముందు ఎన్నడూ పెట్టకూడదు. డేకేరు నుంచి బాబును తెచ్చే బాధ్యత మీదైన రోజున వ్యాన్ మీ దగ్గర, ఈ కారు మీ భార్య దగ్గర ఉండాలి. అందుకే ఆమెకు మాన్యువల్ గేర్లు నడపడం వచ్చా, నేర్చుకోవడం ఆమెకు ఇష్టమేనా అన్నది కొనేముందు అడగవలసిన ప్రశ్న. ఆమెకు ఇష్టం లేకపోతే ఆటోమేటిక్ చూసుకోండి.

అమ్మానాన్నలు తెచ్చే 23 కిలోల పెట్టెలు ఈ ట్రంకులో ఒక్కటి కూడా పట్టవు కనుక విమానాశ్రయానికి వ్యానే వెళ్లాలి. నాన్నగారిని ఒక్కరినే ఎక్కించుకుని వెళ్లే రోజు మాత్రం తప్పక వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ముందు కాలు పెట్టి ఎక్కబోతే ఇబ్బంది పడతారు. టాప్ తెరిచి ఉంచి, కారుకు వీపు పెట్టి మొదట సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోమనండి. అమ్మగారు చీరలో కూర్చుంటే కొంగును బెల్టు కిందికి దోపుకోవాలి, తలుపు వేసేముందు కుచ్చిళ్లు బయట లేవని చూడాలి.

ఇండియాకు తీసుకువెళ్లే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అక్కడికి దిగుమతి చేసుకునే వాడిన కారుకు స్టీరింగు కుడివైపు ఉండాలి, వయసు మూడేళ్లు దాటకూడదు. మీ కారు ఈ రెండు షరతుల దగ్గరా ఆగిపోతుంది.

ప్రశ్న: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. నా దగ్గర 1994 నాటి మియాటా ఉంది. వాన పడిన ప్రతిసారీ సీట్ల వెనుక కార్పెట్టు తడుస్తోంది, బూజు వాసన వస్తోంది. టాప్‌లో ఎక్కడా చిరుగు లేదు. మెకానిక్ మాత్రం టాప్ మొత్తం మార్చాలంటున్నారు.

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకముందు నీటి కాలువలు చూడండి. టాప్ మీద పడిన వాన వెనుక అంచు వెంట ఉన్న పట్టీలోకి జారి, సీట్ల వెనుక రెండు పక్కలా ఉన్న గొట్టాల ద్వారా వెనుక చక్రాలకు కాస్త ముందు నేల మీదికి దిగిపోవాలి. చెట్టు కింద నిలిపే కార్లలో ఆకులూ పైన్ సూదులూ మట్టీ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. అప్పుడు నీరు పొంగి కార్పెట్టు కిందికి చేరుతుంది. నా కారులో మొదటి ఏడాది జరిగిందీ ఇదే. వాసన వచ్చేదాకా నేను గమనించలేదు, ఆ తడిని పూర్తిగా ఆరబెట్టడానికి నాకు పది రోజులు పట్టింది.

టాప్ సగం లేపి, ఒక్కో పక్క రంధ్రంలో అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి, ఇంకొకరు కింద చూడాలి. వెంటనే ధారగా రాకపోతే గొట్టం మూసుకుపోయినట్టే. ఇనుప తీగతో పొడవవద్దు, గొట్టం చిల్లు పడితే నీరంతా తలుపు కింది కారు గడప లోపలికి పోయి ఇనుము లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఆ కాలపు మియాటాలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. మొన మొద్దుగా ఉన్న మెత్తటి ప్లాస్టిక్ తీగ వాడండి. నీళ్లు సరిగ్గా దిగుతుంటే, కిటికీ అద్దం టాప్‌కు ఆనే రబ్బరు వెంట టిష్యూ కాగితం అంటించి, గొట్టంతో నీళ్లు కొట్టి ఎక్కడ తడుస్తుందో చూడండి. టాప్ వంతు ఆ తర్వాతే వస్తుంది.

కార్పెట్టును పైపైన తుడిస్తే చాలదు, దాని కింది స్పాంజిలో నీరు నిలుస్తుంది. సీట్లు విప్పి, కార్పెట్టు ఎత్తి, ఫ్యాను పెట్టి ఆరనివ్వాలి. తడి టాప్‌ను మడిచి ఉంచవద్దు. మీ కారుకు వెనుక కిటికీ ప్లాస్టిక్‌ది కనుక, చలికాలంలో జిప్పు విప్పి దానిని చదునుగా పరిచిన తర్వాతే టాప్ దించాలి, చలికి బిగుసుకున్న ప్లాస్టిక్‌ను మడిస్తే పగులుతుంది. ఇంకొక మాట: ఈ కారులో బ్యాటరీ ట్రంకులో ఉంటుంది. మార్చేటప్పుడు ఆవిరి బయటకు పోయే గొట్టాలు తగిలించుకునే సీల్డు రకమే పెట్టించండి, మామూలు బ్యాటరీ పెడితే ఆమ్లపు ఆవిరి ట్రంకు అడుగును తినేస్తుంది.

ప్రశ్న: హైదరాబాదు కొండాపూర్‌లో అమ్మానాన్నలతో ఉంటున్నాను, పెళ్లి కాలేదు. పాత సెడాన్ అమ్మేసి బి.ఎం.డబ్ల్యు. జెడ్4 గానీ, ఎం.జి. సైబర్‌స్టర్ గానీ ఒకే కారుగా పెట్టుకోవాలని ఉంది. మూడో మనిషి ఉంటే క్యాబ్ ఎక్కుతాము. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: ఒకే కారుగా అయితే వద్దు. పెళ్లిళ్లకూ గుడికీ క్యాబ్ సరిపోతుంది, కానీ అర్ధరాత్రి నాన్నగారికి ఒంట్లో బాగాలేనప్పుడు అమ్మగారిని ఇంట్లో వదిలి వెళ్లలేరు, క్యాబ్ కోసం ఎదురుచూడలేరు. ఆ సెడాన్‌ను అమ్మకుండా ఉంచుకుని ఈ కారు కొనగలిగితే అప్పుడు ఆలోచించండి.

రెండో కారుగా చూస్తే, మూడు లీటర్ల ఇంజనుతో 340 హార్స్‌పవర్ ఇచ్చే జెడ్4 డిక్కీలో 281 లీటర్లు పడతాయి, అది మియాటాకు రెట్టింపు. సైబర్‌స్టర్ విద్యుత్ కారు, తలుపులు పైకి లేస్తాయి కనుక పక్కన ఇరుకుగా ఉన్నా ఫరవాలేదు గానీ సెల్లారు పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే చిక్కే. మన నగరంలో పెద్ద పరీక్ష స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కాలనీలలో వేసేవి ఆ వెడల్పులో నాలుగో వంతు కూడా లేకుండా నిలువుగా లేస్తాయి, తక్కువ ఎత్తు కార్ల పొట్ట వాటి మీద గీసుకుంటుంది. వర్షాకాలంలో నీరు నిలిచే దారులు కూడా మీకు మూసుకుపోయినట్టే. టాప్ తెరిచే సమయం మీకు దొరికేది ఎక్కువగా తెల్లవారుజామున, దుమ్ము లేవకముందు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీదే.

బుక్ చేసేముందు టెస్ట్ డ్రైవును షోరూము చుట్టూ ముగించవద్దు. కారును మీ అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు మీదుగా మీ పార్కింగు స్థలానికి తీసుకువెళ్లి, అక్కడ తలుపులు పూర్తిగా తెరిచి చూపించమని, దారిలోని బ్రేకర్లన్నీ ఇద్దరు కూర్చుని దాటిద్దామని ముందుగానే అడగండి.