షేర్ బటన్ ఎవరి చేతిలో ఉండాలి?

పాఠకుల సాంకేతిక సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: శుభలేఖల డిజైన్‌కు ఉపయోగపడే విండోస్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసి చిక్కడపల్లి, కాచిగూడ ప్రాంతాల్లోని ప్రింటింగ్ ప్రెస్సులకు ఇస్తున్నాను. డిజైన్ ఖరారు కాగానే పార్టీవారు దాన్ని అక్కడికక్కడే తమ ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టుకునే బటన్ కావాలని ప్రెస్సుల యజమానులు అడుగుతున్నారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టెను సాఫ్ట్‌వేర్‌లోనే పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మూసాపేట

జవాబు: ఆ పెట్టెను దయచేసి పెట్టకండి. ప్రెస్సులో ఉండే కంప్యూటర్ ఏ ఒక్కరిదీ కాదు. డీటీపీ ఆపరేటర్, యజమాని, ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు, అందరూ దాని ముందు కూర్చునేవారే. అలాంటి చోట పెళ్లికూతురి తండ్రి తన పాస్‌వర్డ్ టైపు చేస్తే, మీరు ఎంత నిజాయితీపరులైనా సరే, ఆయన ఖాతా మొత్తం మీ సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చినట్లే. సామాజిక మాధ్యమ సంస్థలు కూడా ఈ దారిని ఎప్పుడో మూసివేశాయి. ట్విటర్ (ఇప్పటి ఎక్స్) తన ఏపీఐకి, అంటే ఇతర సాఫ్ట్‌వేర్లు తనతో మాట్లాడే ద్వారానికి, పాస్‌వర్డ్‌ను నేరుగా పంపే పద్ధతిని 2010 ఆగస్టులోనే నిలిపివేసింది.

ఇప్పుడు అమలులో ఉన్న పద్ధతి పేరు ఓఆథ్. 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ సాంకేతిక పద్ధతులను వివరించే పత్రం) వెలువడిన ఓఆథ్ 2.0 ప్రకారం, మీ సాఫ్ట్‌వేర్ వినియోగదారుని ఆ సంస్థ సొంత లాగిన్ పేజీకి పంపుతుంది. ఆయన అక్కడే పాస్‌వర్డ్ ఇచ్చి, ఏయే పనులకు అనుమతి అడుగుతున్నారో చదివి ఒప్పుకుంటే, ఆ పనులకు మాత్రమే చెల్లే టోకెన్ (అనుమతి చీటీ లాంటి సంకేతం) ఒకటి మీకు అందుతుంది. ఆయన ఇష్టం లేనప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోనవసరం లేకుండానే ఆ అనుమతిని రద్దు చేసుకోవచ్చు.

వెబ్‌సైట్ల విషయంలో ఇది సులువే. డెస్క్‌టాప్‌లో మాత్రం కొన్ని చిక్కులున్నాయి కనుక వాటిని వివరంగా చెబుతాను. లాగిన్ పేజీని మీ సాఫ్ట్‌వేర్ లోపలి కిటికీలోనే తెరవాలని మొదట అనిపిస్తుంది. అలా తెరిచిన పేజీలో టైపు చేసే ప్రతి అక్షరాన్నీ మీ ప్రోగ్రామ్ చదవగలదు. అడ్రస్ బార్ కనిపించదు కనుక అది అసలు పేజీయో నకలో తెలుసుకునే వీలు వినియోగదారుకు ఉండదు. అందుకే 2017 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8252, డెస్క్‌టాప్, మొబైల్ యాప్‌లు లాగిన్ కోసం కంప్యూటర్‌లోని మామూలు బ్రౌజర్‌నే తెరవాలని నిర్దేశిస్తోంది. గూగుల్ అయితే యాప్‌ల లోపలి బ్రౌజర్ల నుంచి వచ్చే లాగిన్‌లను అడ్డుకుంటోంది కూడా. బ్రౌజర్‌లో అనుమతి ఇచ్చిన తర్వాత జవాబు తిరిగి మీ సాఫ్ట్‌వేర్‌కు చేరడానికి, అది 127.0.0.1 చిరునామాలో ఒక పోర్టు (సమాచారం వచ్చే ద్వారం) తెరుచుకుని కొద్దిసేపు ఎదురుచూస్తే చాలు. ఆ చిరునామా అదే కంప్యూటర్‌ను సూచిస్తుంది.

రెండో చిక్కు రహస్య సంకేతానిది. యాప్‌ను ఆ సంస్థ దగ్గర నమోదు చేసుకున్నప్పుడు మీకు ఇచ్చే క్లయింట్ సీక్రెట్‌ను, అంటే మీ యాప్‌కు పాస్‌వర్డ్ లాంటి సంకేతాన్ని, ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైలులో దాచితే అది దాచినట్లు కాదు. ఆ ఫైలు ప్రతి ప్రెస్సులోనూ ఉంటుంది, దాన్ని విప్పి చూసే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ లోటును తీర్చడానికే 2015లో పీకేసీఈ అనే పద్ధతి వచ్చింది. ఇందులో మీ సాఫ్ట్‌వేర్ ప్రతి లాగిన్‌కూ అప్పటికప్పుడు ఒక కొత్త రహస్యాన్ని పుట్టించి, దాని హ్యాష్‌ను (వెనక్కి విప్పడానికి వీలుకాని ముద్రను) ముందుగా పంపి, టోకెన్ తీసుకునేటప్పుడు అసలు రహస్యాన్ని చూపిస్తుంది. మధ్యలో ఎవరైనా అనుమతి కోడును కాజేసినా ఆ రహస్యం లేనిదే అది వారికి పనికిరాదు. చేతికి వచ్చిన టోకెన్‌ను టెక్స్ట్ ఫైలులో రాయకుండా విండోస్‌లో రహస్యాలను భద్రపరిచే క్రెడెన్షియల్ మేనేజర్‌కు అప్పగించండి.

అయితే మీ అవసరానికి ఇదంతా కావాలా అన్నది నా సందేహం. ఫేస్‌బుక్ 2018 ఆగస్టు 1 నుంచి, వ్యక్తిగత ఖాతాలో వినియోగదారు తరఫున పోస్టు పెట్టే అనుమతిని యాప్‌లకు తీసివేసింది. కనుక మీరు ఎంత శ్రమపడి లాగిన్ కట్టినా పెళ్లివారి గోడమీద మీ సాఫ్ట్‌వేర్ శుభలేఖను అతికించలేదు. షేర్ పేజీని తెరిచి చూపిస్తే, పోస్టు బటన్ నొక్కవలసింది వారే. నా దృష్టిలో ఇది మంచి మార్పు.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. డిజైన్ ఖరారు కాగానే ఆ బొమ్మను మీ సర్వర్‌కు పంపి, తెరమీద ఒక క్యూఆర్ కోడ్ చూపించండి. పెళ్లివారు దాన్ని తమ ఫోనుతో స్కాన్ చేస్తే ఒక వెబ్ పేజీ తెరుచుకుంటుంది. అందులోని షేర్ బటన్ వెనుక వెబ్ షేర్ ఏపీఐ (ఫోను సొంత షేర్ పట్టికను వెబ్ పేజీ నుంచి తెరిపించే సదుపాయం) ఉంటే, ఫోనులో ఉన్న వాట్సాప్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్ అన్నీ ఫోను అలవాటుగా చూపించే పట్టికలోనే కనిపిస్తాయి. మీరు ఏ సంస్థ దగ్గరా నమోదు కానక్కరలేదు, టోకెన్ల బాధ్యత మోయనక్కరలేదు. ఈ ఏపీఐకి రెండు షరతులున్నాయి: పేజీ హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) మీద ఉండాలి, వినియోగదారు స్వయంగా బటన్ నొక్కినప్పుడే షేర్ పట్టిక తెరుచుకుంటుంది. శుభలేఖలో ఇంటి చిరునామా, పెద్దల ఫోన్ నంబర్లు ఉంటాయి కనుక ఆ పేజీ లింకు ఊహించడానికి వీలుకానిదిగా, కొద్ది రోజుల్లో గడువు తీరిపోయేదిగా ఉండాలి. మరో మాట: ప్రెస్సు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఫైలు పంపించుకుని, లాగౌట్ చేయకుండా వెళ్లిపోయేవారిని చాలామందిని చూస్తుంటాం. మీ క్యూఆర్ కోడ్ ఆ అలవాటును కూడా తప్పిస్తుంది.

ప్రశ్న: మలక్‌పేటలో మా పాఠశాల వెబ్‌సైట్‌లో మా ఫేస్‌బుక్ పేజీ పోస్టులు వాటంతటవే కనిపించే పెట్టెను పెట్టాలనుకుంటున్నాం. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఆ పెట్టె ఉన్న పేజీని ఒక విద్యార్థి తెరిచిన క్షణంలోనే, ఏ బటనూ నొక్కకపోయినా, బ్రౌజర్ ఫేస్‌బుక్ సర్వర్‌ను పలకరిస్తుంది. లైక్ బటన్ విషయంలో ఐరోపా న్యాయస్థానం 2019 జులైలో, అలా చేరే సమాచారానికి బటన్‌ను పెట్టుకున్న వెబ్‌సైట్ కూడా ఉమ్మడి బాధ్యురాలేనని తీర్పు చెప్పింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచార సేకరణకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతోంది. పెట్టెకు బదులు ఫేస్‌బుక్ గుర్తుతో మామూలు లింకు ఒకటి పెట్టండి. కావాలనుకున్న తల్లిదండ్రులు దాన్ని నొక్కి వెళ్తారు.

ప్రశ్న: అమీర్‌పేటలో వెబ్ కోర్సు చేస్తూ తెలుగు కథల వెబ్‌సైట్ ఒకటి తయారుచేశాను. లింకును వాట్సాప్‌లో పంపితే కథ పేరు గానీ బొమ్మ గానీ రావడం లేదు. పైగా లింకులోని తెలుగు మాట శాతం గుర్తులతో పెద్ద తోకలా మారిపోతోంది. ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: ఆ పేరు, బొమ్మ ఓపెన్ గ్రాఫ్ (ఓజీ) ట్యాగుల నుంచి, అంటే పేజీ కోడులో దాని వివరాలు చెప్పే గుర్తుల నుంచి, వస్తాయి. ఫేస్‌బుక్ 2010లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు వాట్సాప్‌తో సహా చాలా సేవలు అనుసరిస్తున్నాయి. పేజీ హెడ్ భాగంలో ఓజీ టైటిల్, ఓజీ డిస్క్రిప్షన్, ఓజీ ఇమేజ్ ట్యాగులు ఉండాలి. బొమ్మ 1200 × 630 పిక్సెళ్లలో ఉంటే మంచిది. మీ పేజీ అంతా జావాస్క్రిప్ట్ వల్ల బ్రౌజర్‌లో తయారవుతుంటే ఈ ట్యాగులు ఉన్నా లేనట్లే, ఎందుకంటే లింకు చూడవచ్చే ప్రోగ్రామ్‌లు సాధారణంగా జావాస్క్రిప్ట్‌ను నడపవు. కనుక వాటిని సర్వర్ నుంచే పంపించండి. ఫేస్‌బుక్‌లో పాత వివరాలే కనిపిస్తుంటే ఆ సంస్థ ఉపకరణమైన షేరింగ్ డీబగ్గర్‌లో లింకు ఇచ్చి మళ్లీ చదివించవచ్చు.

తోక సంగతి మన లిపికి సంబంధించినది. అక్షరాలను కంప్యూటర్‌లో రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. 'హైదరాబాద్' అనే మాటలో గుణింతాలు, పొల్లుతో కలిపి 9 సంకేతాలున్నాయి కనుక అది 81 అక్షరాలుగా సాగుతుంది. ఇది తప్పు కాదు, లింకు పనిచేస్తుంది, కానీ సందేశంలో అతికించినప్పుడు చూసేవారికి అనుమానం కలుగుతుంది. లింకులో కథ సంఖ్య గానీ చిన్న రోమన్ పేరు గానీ ఉంచి, తెలుగు శీర్షికను ఓజీ టైటిల్‌లో నిండుగా ఇవ్వండి. ఇలా సంకేతాలను విడివిడిగా లెక్కపెట్టడం ఎక్స్‌లో 280 అక్షరాల పరిమితికీ వర్తిస్తుంది, అయితే అక్కడ ఒక్కో సంకేతం ఒక్కటిగానే లెక్క: మనం ఒకే అక్షరంగా పలికే 'స్త్రీ' అక్కడ 6గా లెక్కకు వస్తుంది. కథలోని వాక్యాన్ని షేర్ సందేశంగా కత్తిరించే కోడు రాస్తే, 280 దగ్గర గుడ్డిగా కోయకుండా ముందున్న ఖాళీ దగ్గర ఆపండి. లేకపోతే ఒత్తు ఒకవైపు, హల్లు మరోవైపు తెగిపోతాయి.