బీటెక్ చదువుతూ పక్కన జపనీస్ లేదా జర్మన్ డిప్లొమా: తిరుపతిలో ఉండి కుదురుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: అడిగినావిడ తిరుపతిలో ఉంటారు, బీటెక్ రెండో ఏడాదిలోకి వచ్చారు. సాయంత్రాలు జపనీస్ గానీ జర్మన్ గానీ డిప్లొమా చెయ్యాలని ఉంది. రెండు సర్టిఫికెట్లూ చెల్లుతాయా, ఏ భాష తీసుకోవాలి, మిడ్‌లు, ల్యాబ్‌ల మధ్య టైము ఎట్లా సరిపెట్టుకోవాలి అన్నది సందేహం. నాన్నేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటున్నారట.

చెల్లుతాయి. ఒకేసారి రెండు కోర్సులు చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే క్లాసుల వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒకటి కాలేజీలో, రెండోది దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో అయినా పర్వాలేదు, కాకపోతే ఆ సంస్థకి దూరవిద్య నడిపే అనుమతి ఉండాలి. ఈ వెసులుబాటు పీహెచ్‌డీకి వర్తించదు. ఇక జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్, ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి చోట్ల చేసే భాషా కోర్సులు యూనివర్సిటీ కోర్సుల కిందికే రావు కాబట్టి వాటికి ఈ గొడవే లేదు.

చిక్కు రూల్ దగ్గర కాదు, కాగితాల దగ్గర వస్తుంది. యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ డిప్లొమాకి అప్లై చేస్తే ఒరిజినల్ టీసీ అడగొచ్చు. అది మీ బీటెక్ కాలేజీలో ఉంటుంది, బయటికి రాదు. కాబట్టి ముందే కాలేజీ ఆఫీసులో స్టడీ సర్టిఫికెట్ తీసుకుని, టెన్త్, ఇంటర్ మెమోల అటెస్టెడ్ జిరాక్సులు నాలుగు సెట్లు పెట్టుకోండి. 'టీసీ బదులు స్టడీ సర్టిఫికెట్ ఒప్పుకుంటారా' అన్న మాట ఫీజు కట్టకముందే అడగాలి, కట్టాక కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ బీటెక్‌కే, డిప్లొమా ఫీజు చేతి నుంచే పడుతుంది.

పేరు సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. మనకి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. భాషా పరీక్షల సర్టిఫికెట్ మీద మీరు రిజిస్ట్రేషన్‌లో కొట్టిన పేరే అచ్చవుతుంది. అది పాస్‌పోర్టుతో కలవకపోతే రేపు వీసా దగ్గర వివరణలు ఇచ్చుకోవాలి. పాస్‌పోర్టు లేకపోతే ముందు దానికి అప్లై చేసి, అందులో ఉన్న పేరుతోనే అన్నీ నింపండి.

ఇప్పుడు అసలు విషయం. డిప్లొమా అన్న పేరు చూసి ఏ కంపెనీ ఉద్యోగం ఇవ్వదు. జపనీస్ అయితే 'ఎన్4 ఉందా, ఎన్3 ఉందా' అంటారు, జర్మన్ అయితే 'బీ1 ఆ, బీ2 ఆ' అంటారు. ఇవి లెవెల్ పరీక్షల మెట్లు: జపనీస్‌లో ఎన్5 నుంచి ఎన్1 దాకా, జర్మన్‌లో ఏ1 నుంచి సీ2 దాకా పైకి పోతాయి. అందుకే డిప్లొమాని టైంటేబుల్‌గా వాడుకుని, గురి మాత్రం లెవెల్ పరీక్ష మీద పెట్టండి.

ఒక లెక్క వేసి చూద్దాం. వారానికి మూడు రోజులు, రోజుకి రెండు గంటల క్లాసు, సెలవులు పోను 30 వారాలు. మొత్తం 180 గంటలు. జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీ పాత విధానం లెక్కలో ఇప్పటి ఎన్5 స్థాయికి 150 గంటలు, 800 మాటలు, సుమారు 100 కాంజీలు (చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరాలు). ఎన్4 స్థాయికి 300 గంటలు, 1500 మాటలు, 300 కాంజీలు. అంటే ఏడాది డిప్లొమా మిమ్మల్ని ఎన్5 గడప దాటిస్తుంది, ఎన్4కి చాలా ముందే ఆపేస్తుంది. జర్మన్‌లో గోథే వాళ్లు 45 నిమిషాల పీరియడ్లలో లెక్కపెడతారు. మీ 180 గంటలు 240 పీరియడ్లు అవుతాయి. ఏ1 పూర్తయి ఏ2 మధ్యలో ఉంటారు. బీ1కి 350 నుంచి 650 పీరియడ్లు కావాలి. కాబట్టి 'ఏడాదిలో బీ1 గ్యారంటీ' అని ఫ్లెక్సీ కట్టిన చోట వారానికి ఎన్ని గంటలో అడగండి. జవాబు తడబడితే బయటికి వచ్చెయ్యండి.

చేరేముందు ఇంకో రెండు అడగండి: సిలబస్ ఏ లెవెల్ దాకా పోతుంది, నిరుడు పరీక్షలు ఏ తేదీల్లో జరిగాయి. చాలా చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా అని మెట్లుంటాయి. కింది మెట్టు పాసైతేనే పైది ఇస్తారు. నేరుగా డిప్లొమాలో కూర్చోబెడతామంటే అది పేరు మార్చిన సర్టిఫికెట్ కోర్సే అనుకోవచ్చు.

ఏ భాష అంటే, మీ ఊరి చుట్టుపక్కల చూడండి. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి. మెకానికల్, ఈఈఈ వాళ్లకి జపనీస్ కళ్లెదుట పనికొచ్చే భాష. జర్మనీలో ఎమ్మెస్ అనుకుంటే జర్మన్. అక్కడ ఇంగ్లిష్‌లో నడిచే కోర్సుకి జర్మన్ అడగకపోవచ్చు గానీ పార్ట్‌టైమ్ పనికి, తర్వాత ఉద్యోగానికి అదే దారి. బీఎస్సీ నర్సింగ్ చదివి జర్మనీ పోవాలనుకునే వాళ్లని మామూలుగా బీ2 అడుగుతారు, వాళ్లు మొదటి ఏడాదే మొదలుపెట్టాలి. ఏ గురీ లేకుండా 'ఏదో ఒకటి' అనుకుంటే నా ఓటు జపనీస్‌కే. కారణం మన తెలుగు.

ఈ వాక్యం చూడండి: 'వతషి వ తొమొదచి తొ బసు దె తిరుపతి కర చెన్నై ని ఇకిమసు.' మాట వెంట మాట పెడితే 'నేను స్నేహితురాలితో బస్సులో తిరుపతి నుంచి చెన్నైకి వెళ్తాను.' 'తొ' అంటే మన 'తో', 'దె' అంటే 'లో', 'కర' అంటే 'నుంచి', 'ని' అంటే 'కి'. క్రియ చివర్లోనే. ఇంగ్లిష్ మీదుగా అనువదించుకుంటూ పోయేవాళ్లు ఇక్కడే నెలల తరబడి తంటాలు పడతారు. తెలుగులో ఆలోచించి మాటకి మాట పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఉచ్చారణలోనూ అంతే. 'ఒబసన్' అంటే పిన్నమ్మో అత్తో, 'ఒబాసన్' అంటే అవ్వ. దీర్ఘం తప్పితే మనిషే మారిపోతుంది. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే పోస్టల్ స్టాంపు. ఒత్తూ దీర్ఘమూ మనకి పుట్టుకతో వచ్చినవే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే అవే ముందు మాయమవుతాయి. అందుకే మొదటి రెండు వారాలు నోట్సులో ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకోండి, మూడో వారం నుంచి ఆపెయ్యండి. ఆపకపోతే కన్ను హిరగానా (జపనీస్ మొదటి అక్షరమాల) మీదికి పోదు, తెలుగు మీదే ఉంటుంది. ఇక జపనీస్ 'త్సు' కష్టమనేవాళ్లకి ఒకటే మాట: 'చుక్క' అన్నప్పుడు పలికే చు అదే. జర్మన్ జెడ్ అక్షరం కూడా ఆ దంత్య చకారమే.

జపనీస్‌లో జారేది కటకానా దగ్గర, అంటే విదేశీ మాటలు రాసే రెండో అక్షరమాల దగ్గర. హిరగానా 46 అక్షరాలు ఉత్సాహంగా నేర్చుకుని, కటకానా 46 'తర్వాత చూద్దాం' అని వదిలేస్తారు. షి, త్సు ఒకేలా కనిపిస్తాయి, సొ, న్ కూడా అంతే. తేడా గీత ఎటు నుంచి మొదలైందన్నదాన్లో ఉంది. చేత్తో రాస్తే తప్ప అది పట్టుబడదు. ఫోన్లో యాప్ నొక్కుతూ నేర్చుకున్నవాళ్లు పరీక్షలో ఇక్కడ దొరికిపోతారు.

జర్మన్‌లో ఏ1 వాళ్లని కొట్టేది అంకెలు. 21ని వాళ్లు 'ఒకటీ ఇరవై' అంటారు. వినికిడి పేపర్లో ఫోన్ నంబరు, ధర, రైలు టైము వస్తాయి, చెయ్యి ముందు 1 రాసేస్తుంది. రోజూ ఐదు నిమిషాలు రెండంకెల సంఖ్యలు విని రాయండి, మూడు వారాల్లో కుదురుకుంటుంది. రెండు చుక్కలున్న యూకి నాలుక 'ఈ' అనే చోట పెట్టి, పెదాలు మాత్రం 'ఊ' అన్నట్టు చుట్టండి. రాత పేపర్లో ఓ ఫారం నింపాలి, 30 మాటల చిన్న ఉత్తరం రాయాలి. ఉత్తరంలో మూడు విషయాలు అడుగుతారు. అందంగా రాసి ఒక విషయం మర్చిపోయిన ఉత్తరం కంటే, మొరటుగా రాసినా మూడూ ఉన్నదానికే మార్కులు.

టైము. కాలేజీ బస్సులో చంద్రగిరి వైపో రేణిగుంట వైపో పోయేవాళ్లకి రెండు పూటలా కలిపి గంట దొరుకుతుంది. అది వినడానికి వాడండి, రాయడానికి పనికిరాదు. మాటలకి ఆంకీ యాప్ (మాటల కార్డులు మళ్లీ మళ్లీ చూపించేది) పెట్టుకుని రోజుకి 10 కొత్త మాటలు, అంతకు మించొద్దు. పది కొత్తవి చేర్చుకుంటూ పోతే కొన్ని వారాలకే రోజూ తిరగేసేవి 70, 100 అవుతాయి, అదే అరగంట తింటుంది. మిడ్‌ల వారం రాగానే కొత్త మాటలు సున్నా చెయ్యండి, తిరగేయడం మాత్రం ఆపొద్దు. పది రోజులు పూర్తిగా ఆపితే వందల కార్డులు పేరుకుపోతాయి, చూడగానే భయమేసి యాప్ తీసేస్తారు. భాష మానేసినవాళ్లలో ఎక్కువమంది మానేసింది ఇలాగే, కష్టమై కాదు. బీటెక్‌లో హాజరు 75 శాతం తగ్గకుండా ముందు చూసుకోండి, డిప్లొమా క్లాసు పోతే నోట్సు అడుక్కోవచ్చు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు క్లాసుకి చేరడం గురించి ఆలోచనే పెట్టుకోకండి.

జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లు, జులై, డిసెంబరు మొదటి ఆదివారాల్లో. డిసెంబరుది మీ సెమిస్టర్ పరీక్షల మీదికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఈ డిసెంబరు వదిలేసి, రెండో ఏడాది అయ్యాక వచ్చే జులైలో ఎన్5, ఆ తర్వాతి జులైలో ఎన్4 పెట్టుకోండి. జులై ఫలితాలు ఆగస్టు చివర్లో వస్తాయి, నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లకి చేతిలో ఉంటుంది. ఎన్5కి 180కి 80, ఎన్4కి 90 రావాలి. రెండింటిలోనూ భాష, చదవడం కలిపిన భాగంలో 120కి 38, వినికిడిలో 60కి 19 తగ్గితే మొత్తం ఎంతొచ్చినా ఫెయిలే. తప్పుకి మైనస్ లేదు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. ఈ పరీక్షలో మాట్లాడడం అసలు లేదు. కంపెనీ ఇంటర్వ్యూలో మాత్రం మొదట అదే చూస్తారు. డిప్లొమా క్లాసుకి అసలు విలువ అక్కడే ఉంది, టీచరు అడిగినప్పుడు వెనక బెంచీలో తల దించుకోకండి. గోథే బీ1 అయితే నాలుగు భాగాలు విడివిడిగా రాయొచ్చు, ఒక్కోదాన్లో 100కి 60. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ కట్టుకోవచ్చు.

క్లాసులు తిరుపతిలో దొరక్కపోతే కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఎన్‌పీటీఈఎల్ జర్మన్, జపనీస్ కోర్సులున్నాయి. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇంటర్ పాసైనవాళ్లకి ఇగ్నోలో భాషా సర్టిఫికెట్ కోర్సులున్నాయి. రెండింటిలోనూ లోటు మాట్లాడే అభ్యాసమే, దానికి ఇద్దరు ముగ్గురు తోడు కావాలి.

పరీక్షకి చెన్నై పోవాలి. చిత్తూరు వాళ్లకైతే బెంగళూరు కూడా అందుబాటే. రిపోర్టింగ్ పొద్దున్నే పడొచ్చు, తెల్లవారి రైలు నమ్ముకుంటే అరగంట ఆలస్యానికే గేటు మూసేస్తారు. శనివారం మధ్యాహ్నమే బయల్దేరండి. చెన్నైలో సీట్లు త్వరగా నిండుతాయి. రిజిస్ట్రేషన్ జులై పరీక్షకి వేసవి మొదట్లో, డిసెంబరు పరీక్షకి ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుస్తారు, మొదటి రోజే కట్టెయ్యండి. హాల్‌టికెట్, ఒరిజినల్ ఐడీ, రెండు హెచ్‌బీ పెన్సిళ్లు, మంచి రబ్బరు, మామూలు చేతి గడియారం తీసుకుపోండి. స్మార్ట్ వాచీ లోపలికి రానివ్వరు.