అత్తగారు మాటిచ్చారని మీరు సంతకం పెట్టొద్దు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నా వయసు 41. మావారు దామలచెరువులో మామిడి వ్యాపారం చేసేవారు. తోటల్లో కాపు ముందే కొని ఫ్యాక్టరీలకు తోలేవారు. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి బాగా దెబ్బతిన్నారు. ఏడు నెలల కిందట గుండెపోటుతో పోయారు. ప్రోనోట్ల మీద 18 లక్షల అప్పు ఉందని ఆ తర్వాతే తెలిసింది. ఇల్లు ఆయన సంపాదనతో కట్టింది, ఆయన పేరు మీదే ఉంది. దాని మీద బ్యాంకు లోనుంది, ఆ కాగితాల్లో నేనూ సంతకం పెట్టాను. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన 20 అంకణాల స్థలం నా పేరున ఉంది. అబ్బాయి ఇంజనీరింగ్, అమ్మాయి ఇంటర్. మా అత్తగారు వాకిట్లో కూర్చుని, వచ్చిన అప్పులవాళ్లందరికీ "మా కోడలు ఇస్తాది, స్థలం అమ్మైనా ఇస్తాది" అని మాటిస్తున్నారు. ఆమె పోరు పడలేక ఒకాయనకు 3 లక్షలకు నా పేరుతో కొత్త నోటు రాసిచ్చాను. మా తమ్ముడేమో స్థలం వాడి పేరుకు మార్చి, అప్పులన్నీ చూపించి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టెయ్యమంటున్నాడు. మావారి అప్పులు నా ఐపీలో చూపించవచ్చా?
- ఒక సోదరి, తిరుపతి

జవాబు: చూపించకూడదమ్మా. ఐపీ ఎవరి అప్పులకు వాళ్లు పెట్టుకునేది. మామూలు మనుషుల ఐపీలు మన దగ్గర ఇప్పటికీ 1920 నాటి ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. మీవారు బతికుండగా ఐపీ వేసి ఉంటే, ఆయన పోయాక కూడా కోర్టు ఆయన ఆస్తిని అప్పులవాళ్లకు పంచే పని కొనసాగించేది. ఆయన వేయలేదు. ఆయన చేసిన అప్పులకు మీరు దివాలా తీయడమేమిటి? ఆ మాట ఇంతటితో వదిలేయండి.

మీ తమ్ముడి సలహా ఇంకా ప్రమాదం. పుట్టింటివాళ్లు మీకిచ్చిన స్థలం పూర్తిగా మీ సొంతం, మీవారి అప్పులకు దాన్ని జప్తు చేయలేరు. దాన్ని వాడి పేరుకు మార్చి రెండేళ్లలోపు మీరు ఐపీ వేస్తే, ఆ బదిలీని కోర్టు రద్దు చేయగలదు. పైగా మోసం చేశారన్న నింద మిగులుతుంది. భద్రంగా ఉన్న ఆస్తిని మీ చేతులతోనే గొడవలోకి లాగకండి.

చట్టం చెప్పేది ఇంతే. చనిపోయినవాళ్ల అప్పుకు వారసులు బాధ్యులే, కానీ వాళ్లు వదిలిపోయిన ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే. మీవారి ఇల్లు ఆ లెక్కలోకి వస్తుంది. బ్యాంకు లోను కాగితాల్లో మీరూ సంతకం పెట్టారు కనుక అది మీ అప్పు కూడా. ఇంటి లోనుకు బీమా కట్టించారేమో ముందు బ్యాంకులో అడగండి, చాలామంది ఆ సంగతే మరచిపోతారు. ఆయనకు జీవిత బీమా ఉంటే ఆ బాండు కూడా లాయరుకు చూపించండి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద మీ కోసం, పిల్లల కోసం తీసుకున్న పాలసీ అయితే అప్పులవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు.

ఇక అసలు సంగతి. మిమ్మల్ని ముంచుతున్నది ఆ 18 లక్షలు కాదు. మీకూ మీ అత్తగారికీ మధ్య ఏడు నెలలుగా మాట లేకపోవడం. ఇది నా ఊహ కాదు, మీ ఉత్తరంలోనే ఉంది. ఆమె వాకిట్లో ఏమంటోందో రాశారు గానీ, దానికి మీరు ఆమెతో ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు. కోపం మింగుకున్నారు, చివరికి పోరు పడలేక సంతకం పెట్టారు.

ఆ తల్లి వైపు నుంచి కూడా చూడండి. తన కళ్ల ముందే కొడుకు పోయాడు. అప్పు తీర్చకుండా పోయినవాడికి గతులుండవని ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. వచ్చినవాడికల్లా మాటిస్తున్నది మీ మీద కక్షతో అని నేననుకోను. కొడుకు పేరు నలుగురి నోళ్లలో నానకూడదని ఆమె తాపత్రయం. ఆ తాపత్రయాన్ని నేను గౌరవిస్తాను. కానీ దానికి మూల్యం కోడలి పుట్టింటి స్థలమంటే మాత్రం ఒప్పుకోను. మన ధర్మంలో తండ్రి అప్పు తీర్చే బాధ్యత కొడుకుల మీద, మనవళ్ల మీద పెట్టారు గానీ భార్య మీద పెట్టలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9న వచ్చిన సవరణ తర్వాత చేసిన అప్పులకైతే, ఆ ధర్మం పేరు చెప్పి కొడుకు మీద కూడా దావా నడవదు. కాబట్టి మీ అబ్బాయిని చదువు మానిపించే ఆలోచన ఎవరైనా ఎత్తితే అక్కడికక్కడే ఆపేయండి.

ఇంకో విషయం అత్తగారికి తెలియకపోవచ్చు. కొడుకు ఆస్తికి మీరూ, ఇద్దరు పిల్లలూ ఎంత వారసులో ఆమే అంతే. ఆ ఇంట్లో నాలుగో భాగం ఆమెది. అంటే అప్పులవాళ్లు దావా వేస్తే ఆమె వాటా కూడా చిక్కులో పడుతుంది. 'కోడలు ఇస్తాది' అనేటప్పుడు ఆమె ఈ సంగతి తెలిసే అంటోందా?

కొత్త నోటు గురించి. పాత నోటు మీవారి ఆస్తి మీద అప్పు. మీరు రాసిచ్చింది మీ మీద అప్పు. ఆ 3 లక్షల నోటు ఏ పరిస్థితిలో రాశారో, పాత నోటు చింపి ఇచ్చారో లేదో, దాని తేదీ ఏమిటో లాయరుకు చెప్పండి. ఇక ముందు ఎవరికీ నోటు రాయొద్దు, మీ చెక్కు ఇవ్వొద్దు. మీవారిచ్చిన చెక్కు బౌన్సయితే మీ మీద క్రిమినల్ కేసు పెట్టలేరు, మీ చెక్కు బౌన్సయితే పెట్టగలరు. కొందరు మెత్తగా మాట్లాడి, 'వెయ్యి రూపాయలివ్వమ్మా, నోటు వెనక చెల్లు రాసుకుంటాం' అంటారు. మామూలుగా ప్రోనోటు మీద మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ గడువు తీరకముందు చెల్లు రాసి సంతకం పెడితే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వాళ్లు ఆ వెయ్యి కోసం రారమ్మా.

అలాగని అందరికీ చేతులెత్తేయమని చెప్పను. ఆ అప్పుల్లో లారీలకు కాయలెత్తిన హమాలీల కూలి బాకీ ఉందేమో చూడండి. కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బు తెచ్చి ఇచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లున్నారేమో చూడండి. మీవారు వదిలిపోయినదాంట్లోంచి ముందు వాళ్లవి తీరిస్తే బాగుంటుందని నా మనసుకు తోస్తుంది. మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాడు ఆగగలడు, కూలివాడు ఆగలేడు. ఎవరికి ముందివ్వవచ్చో లాయరును అడిగాకే ఇవ్వండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటారా? మీవారి మండీ పుస్తకం బీరువాలోంచి తీయండి. ఆయన ఎవరికి ఇవ్వాలో అందరూ వచ్చి చెప్పారు గానీ, ఆయనకు ఎవరు ఇవ్వాలో చెప్పడానికి ఒక్కరూ రారు. ఆ సీజన్లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలన్నారు కదా, తోలిన సరుకుకు రావాల్సింది ఎంత వచ్చింది, ఎంత ఆగింది? తోటల వాళ్లకిచ్చిన అడ్వాన్సుల్లో ఎంత తిరిగి రావాలి? ఈ బాకీలకూ గడువుంటుంది. ఇవ్వనివాళ్ల మీద కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోవాలంటే కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువీకరణ పత్రం (సక్సెషన్ సర్టిఫికెట్) కావాలి.

ఆ పుస్తకం అత్తగారి ముందు పెట్టండి. ఆమెకు చదువు రాకపోతే మీరే పేర్లు చదివి వినిపించండి. ఏ ఊళ్లో ఏ తోట ఎవరిది, కొడుకు ఎవరితో ఎలా ఉండేవాడు, ఆమెకు తెలిసినంత మీకు తెలియదు. "అత్తా, ఆయన పేరు నిలబెట్టాలని నాకూ ఉంది, కానీ నా సంతకంతో కాదు, ఆయన డబ్బుతో" అని ఆమె మొహం చూసి చెప్పండి. మొదట అరుస్తుంది. అరవనివ్వండి.

ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. చిత్తూరు జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది. దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో 15100కు ఫోన్ చేసి అడగండి. వెళ్లేటప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఆమె కూడా వారసురాలే, ఈ మాటలన్నీ ఆమె లాయరు నోటి నుంచే వినాలి. అప్పటిదాకా వాకిట్లోకి ఎవరొచ్చినా ఇద్దరూ ఒకే మాట చెప్పండి: "లెక్క చూస్తున్నాం, మీ నోటు కాపీ ఇచ్చి వెళ్లండి." మీ తమ్ముడు అడిగినా సరే, స్థలం కాగితాలు మాత్రం ఇవ్వకండి.