కప్పు సంగతి తేలాకే అప్పు

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ)లో పనిచేసిన నాన్న 1987లో కట్టించిన ఇల్లు. ఆయన పోయి మూడేళ్లయింది. వీలునామా లేదు, ఇల్లు ఇంకా ఆయన పేరునే ఉంది. అమ్మతో కలిసి మేం ఇక్కడే ఉంటున్నాం, చెల్లెలు నెల్లూరులో ఉంటుంది. పైన ఒక పోర్షన్ వేసి అద్దెకిద్దామని 25 లక్షల లోన్‌కు సిద్ధమయ్యాం. ఈలోగా బాత్రూమ్ బాగుచేయిస్తుంటే స్లాబ్ పెచ్చులూడి, తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి. ఇంకో 6 లక్షలిస్తే అంతా సరిచేసి పైకి కట్టేస్తానని కాంట్రాక్టరు అంటున్నాడు. దానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అమ్మ పేరున ఉన్న 9 లక్షల ఎఫ్‌డీ తీయాలా? నా జీతం చేతికి 92 వేలు. కారు ఈఎంఐ 14 వేలు.

జవాబు: ఈ రెండూ ఇప్పుడు వద్దు. డబ్బు మాట తర్వాత, ముందు ఆ స్లాబ్ కింద ఆసరాగా జాకీలు పెట్టించండి. ఇంజనీరు వచ్చి చూసేదాకా అమ్మగారిని ఆ బాత్రూమ్‌లోకి వెళ్లనివ్వకండి.

ఆ 6 లక్షల లెక్క ఒక్క బాత్రూమ్ చూసి చెప్పింది. మిగతా గదుల స్లాబ్ లోపల ఎలా ఉందో కాంట్రాక్టరుకూ తెలియదు. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. తుప్పు తీయకుండా, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా పైన సిమెంటు పూస్తే మళ్లీ అదే చోట ఊడుతుంది. చెన్నైలో ఉప్పుగాలి ఉండనే ఉంది. అప్పట్లో ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపి ఉంటే తుప్పు ఇంటి నిండా పాకి ఉండొచ్చు.

అందుకే కాంట్రాక్టరుతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరును మీరే పిలవండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీటు బలం, హాఫ్ సెల్ పరీక్షతో తుప్పు ఎంతవరకు పాకిందీ అంచనా వేస్తారు. పునాది పక్కన ఒక గొయ్యి తీయించి లోతు, వెడల్పు కూడా చూడమనండి. ఉన్న ఇల్లు ఉన్నట్టుగా నిలబడుతుందా, దాని మీద ఇంకో అంతస్తు ఆగుతుందా అన్న రెండు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పిల్లర్లు లేకుండా గోడల మీదే కట్టిన ఇల్లయితే రెండో ప్రశ్న మరీ ముఖ్యం. 25 లక్షల నిర్ణయానికి ముందు ఈ ఫీజు దండగ కాదు. ఆగదని తేలితే ఆ లోన్ అవసరమే ఉండదు.

ఇక అప్పు సంగతి. 25 లక్షలకు 9 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువైతే ఈఎంఐ సుమారు 25,350. పర్సనల్ లోన్ 6 లక్షలు 14 శాతానికి, ఐదేళ్లకు తీసుకుంటే ఇంకో 13,950. కారుతో కలిపి నెలకు 53 వేలు దాటుతుంది, అంటే మీ జీతంలో సగానికి పైనే. పైగా పోర్షన్ పూర్తయ్యేదాకా అద్దె రూపాయి రాదు. ఈ టెన్షన్ మీకొద్దు. ముందు కింది ఇంటి మరమ్మతు వరకే హోమ్ ఇంప్రూవ్‌మెంట్ లోన్ తీసుకోండి. 10 లక్షలు, 9 శాతం, పదేళ్లయితే ఈఎంఐ 12,700 లోపే. ఇంజనీరు అంచనా మీద ఇంకో 20 శాతం కలుపుకునే అడగండి, పాత ఇల్లు తవ్వినకొద్దీ ఖర్చు బయటపడుతుంది. పైపోర్షన్ మాట కారు లోన్ తీరాక, కార్పొరేషన్ నుంచి ప్లాన్ అనుమతి తెచ్చుకున్నాక చూద్దాం.

అమ్మగారి ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఆవిడకు పెన్షన్ వస్తున్నా సరే. రేపు ఆసుపత్రి ఖర్చు వస్తే, గోడల్లో పోసిన డబ్బు వెనక్కి రాదు.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్నది ఇల్లు ఎవరి పేరున ఉందన్నదే. వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి సమాన వాటా వస్తుంది. అంటే మూడో వంతు మాత్రమే మీదైన ఇంటి మీద మొత్తం అప్పు మీరు మోయబోతున్నారు. వారసత్వ సర్టిఫికెట్, పట్టా మార్పు, అందరి సంతకాలు లేనిదే బ్యాంకు ఎలాగూ ముందుకు రాదు. అలాగని "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటూ వాట్సాప్‌లో కాగితం పంపకండి. నెల్లూరు వెళ్లి, ఇంజనీరు రిపోర్టు, ఖర్చు లెక్క ఆ అమ్మాయి ముందు పెట్టి మాట్లాడండి. తన వాటా వదులుకుంటానంటే రిజిస్టర్డ్ విడుదల పత్రం రాయించుకోండి, బదులుగా ఎంతిస్తారో అందులోనే రాయండి. వదులుకోనంటే అది ఆమె హక్కు. అప్పుడు ఇల్లు ముగ్గురి పేరునా ఉంచి, ఎవరెంత పెట్టారో రాసుకోండి.

పన్ను మినహాయింపు చూసి అప్పు పెంచకండి. కొత్త పన్ను విధానంలో సొంతానికి ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలోనూ మరమ్మతు లోన్ వడ్డీకి ఏడాదికి 30 వేలే. అయితే ఇల్లు అమ్మేటప్పుడు లాభం లెక్కలో పనికొచ్చేలా పెద్ద పనుల బిల్లులు దాచండి.

కాంట్రాక్టరుకు పని అయినంతవరకే డబ్బివ్వండి. చివరి 10 శాతం మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కురిసి, కప్పు కారలేదని చూశాకే ఇస్తానని ఒప్పందంలో రాయించండి.