థిన్నర్ షెడ్డు తెరవబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జీడిమెట్లలో షెడ్డు అద్దెకు తీసుకుని, రంగులను పల్చబరిచే, ఇట్టే నిప్పంటుకునే టోలుయిన్ అనే ద్రవం డ్రమ్ములు తెప్పించి, థిన్నర్‌ను చిన్న డబ్బాల్లో నింపి అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో సొంత వ్యాపారానికి దిగిన మొదటిదానివి నువ్వేనని పొంగిపోయాను కానీ, ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. లైసెన్సులు, మంటలార్పే సిలిండర్లు, గాలి ఆడే కిటికీలు, ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు. స్థిర విద్యుత్తు గురించి చెప్పేవారు ఉండరేమోనని ఈ ఉత్తరం.

రెండు వస్తువులు తగిలి విడిపోయినప్పుడు ఒకదానిలోని కొన్ని ఎలక్ట్రాన్లు రెండోదానికి చేరతాయి. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి అంతే ఋణావేశం. లోహానికి భూమితో సంబంధం ఉంటే ఆ ఆవేశం క్షణంలో దిగిపోతుంది. నువ్వు చిన్నప్పుడు జుట్టుకు రుద్ది గోడకు అంటించి, చూడమని నన్ను చేయి పట్టి లాక్కెళ్లిన బెలూను అలా కాదు; రబ్బరు తన ఆవేశాన్ని వదలదు. టోలుయిన్‌దీ ఆ తరహాయే. కుళాయి గుండా జారుతూ తెచ్చుకున్న ఆవేశాన్ని తనలోనే ఉంచుకుంటుంది.

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో చురుకైన కుర్రవాడొకడు ఉండేవాడు. డ్రమ్ముకు ఎర్తింగ్ ఉంది కదా అనే ధైర్యంతో, ఇనుప పిడి ఉన్న ప్లాస్టిక్ బకెట్టును కుళాయి కింద పెట్టి టోలుయిన్ పట్టేవాడు. వానాకాలమంతా ఏమీ కాలేదు, ఎందుకంటే ప్లాస్టిక్ మీద పేరుకునే పల్చని తేమ పొర ఆవేశాన్ని మెల్లగా జారనిస్తుంది. గాలి పొడిబారిన ఒక మాఘమాసపు ఉదయం, డ్రమ్ము ఆవేశం తీగ గుండా భూమిలోకి పోయింది కానీ, బకెట్టులో చేరిన ద్రవపు ఆవేశానికి దారి లేకపోయింది; దాని ప్రేరణతో, అంటే తాకకుండానే దాని ప్రభావంతో, ప్లాస్టిక్ చెవులకు వేలాడుతున్న ఇనుప పిడి కూడా ఆవేశాన్ని పొందింది. నిండిన బకెట్టును ఎత్తబోగా, వేలికీ పిడికీ మధ్య టక్కుమని నిప్పురవ్వ లేచింది, ఆ వెంటనే నల్లటి పొగతో మంట. ముంజేయి కాలింది, ప్రాణం దక్కింది. విచారణలో అందరిదీ ఒకే మాట, ఎర్తింగ్ ఉంది కదా అని. ఉన్నది డ్రమ్ముకు!

గాలిలో తగిన పాళ్లలో కలిసిన టోలుయిన్ ఆవిరికి అంటుకోవడానికి సుమారు 0.24 మిల్లీజౌళ్ల శక్తి చాలు. 3,000 వోల్టుల స్థిర విద్యుత్తు పట్టిన మనిషి ఒంట్లో నిలిచే శక్తి దాదాపు అర మిల్లీజౌలు. అది తగిలితే మనం చేయి దులుపుకుని మరిచిపోతాం.

కనుక ప్లాస్టిక్ డబ్బాలు చవక అని మీ సప్లయర్ ఎంత చెప్పినా వినవద్దు, రేకు డబ్బాలే కొను. కుళాయి తిప్పకముందే డబ్బాను డ్రమ్ముతోనూ, డ్రమ్మును భూమితోనూ తీగలతో కలుపు. క్లిప్పు కింద రంగు గీకి లోహం బయటపెట్టు. గొట్టం డబ్బా అడుగుదాకా దిగాలి, ధార నెమ్మదిగా ఉండాలి. కుళాయి కట్టేశాక కాసేపు ఆగి క్లిప్పు తీయి. నవ్వకు, నీ నైలాన్ చున్నీలన్నీ గేటు బయటే. నూలు బట్టలూ, ఆవేశాన్ని నేలకు దింపే యాంటీస్టాటిక్ బూట్లూ వేసుకో.

ఎలక్ట్రీషియన్‌తో డబ్బా నుంచి ఎర్తింగ్ వరకు నిరోధం కొలిపించు, 10 ఓములు దాటకూడదు. ఆ అంకె నాకు పంపేదాకా డ్రమ్ము మూత తీయవద్దు. తీసే రోజు నేనే వస్తాను. బస్టాండుకు ఎవరినీ పంపనక్కరలేదు.

మామయ్య