గృహప్రవేశం లోపు గాజు పనికి ఐదు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: ఖమ్మంలో సొంత ఇల్లు కట్టుకుంటున్నాం. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 1,12,000 రూపాయలు చేతికొస్తాయి. గృహ రుణం 44 లక్షలు నా ఒక్కదాని పేరునే ఉంది, ఈఎంఐ 38,000. ఇంటి ఖర్చు 35,000. బీమా, ఇతర కట్టుబాట్లు పోగా 30,000 మిగులుతున్నాయి. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. వైశాఖంలో గృహప్రవేశం, ఇంకా ఐదు నెలల సమయం ఉంది. గాజు, తలుపుల పనికి దుకాణం వారు 4.6 లక్షల అంచనా ఇచ్చారు. సింహద్వారం పక్కన స్టెయిన్డ్ గ్లాస్ 95,000, పూజగది ఎచింగ్ (గాజుపై గరుకుగా డిజైను దించిన) తలుపులు 60,000, హాలుకూ భోజనాల గదికీ మధ్య పార్టిషన్ 85,000, మెట్లకు గాజు రెయిలింగ్ 1,10,000, వార్డ్‌రోబ్‌లకు లాకర్డ్ గ్లాస్ (వెనకవైపు రంగు పూసిన గాజు) 90,000, స్నానాల గది తలుపులు 20,000. ఎఫ్‌డీ తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, గృహ రుణంపై టాప్‌అప్ (ఉన్న రుణం మీద అదనపు అప్పు) మంచిదా? టాప్‌అప్ వడ్డీకి పన్ను మినహాయింపు వస్తుందంటున్నారు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

జవాబు: మీరు పంపిన అంచనా కాగితం అడుగున చిన్న అక్షరాలతో ‘పన్నులు అదనం’ అని ఉంది. గాజుకైనా, బిగింపు పనికైనా జీఎస్టీ 18 శాతం. అంటే ఇంకో 82,800 రూపాయలు. మీరు 4.6 లక్షలనుకుంటున్న పని నిజానికి 5,42,800. ఎఫ్‌డీ మొత్తం తీసి ఇచ్చినా చాలదు.

అసలు ఆ ఎఫ్‌డీని పెద్దగా ముట్టుకోవద్దు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 73,000, ఆరు నెలలకు 4,38,000. మీవారిది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఆ మేరకు పక్కన ఉండి తీరాలి. ఎఫ్‌డీలో మీరు వాడుకోగలిగింది అరవై వేలు, అంతే.

ఇక రుణాల సంగతి. ఐదు లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 17,090 కట్టాలి, మొత్తం వడ్డీ 1.15 లక్షలు. అదే ఐదు లక్షలు టాప్‌అప్‌గా 9 శాతానికి పదిహేనేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 5,070 మాత్రమే. చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ పదిహేనేళ్లలో కట్టే వడ్డీ 4.12 లక్షలు దాటుతుంది. వడ్డీ రేటు తక్కువైనా గడువు పొడవైతే జరిగేది ఇదే. ఆ వాయిదాలు తీరేలోపు అబ్బాయి చదువు ముగించి, ఉద్యోగం చేసి, బహుశా తన ఇంటికి తలుపులు ఎంచుకుంటూ ఉంటాడు.

పన్ను మినహాయింపు మాట మీ విషయంలో పనికిరాదు. కొత్త పన్ను విధానంలో సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నా పరిమితి ఏడాదికి 2 లక్షలు. ఇల్లు పూర్తయ్యాక 44 లక్షల రుణంపై మీరు కట్టే వడ్డీతోనే అది నిండిపోతుంది. టాప్‌అప్ వడ్డీకి అందులో చోటు లేదు. దుకాణం వారు కార్డు మీద ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నారని కూడా రాశారు. సున్నా వడ్డీ అనేది లేదని, అది మరో రూపంలో వసూలవుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఒక్కసారే నగదు ఇస్తే ఎంతకు చేస్తారో అడగండి, ఆ రెండు ధరల మధ్య తేడాయే మీ వడ్డీ.

కాబట్టి రుణం మాట పక్కన పెట్టి, అంచనాను ఒక్కో వరుసగా చూద్దాం. నేను చూసేది ఒకటే: ఈ పని ఇప్పుడు చేయకపోతే తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుందా? వస్తే ఇప్పుడే చేయించండి. రాకపోతే వదిలేయండి.

సింహద్వారం పక్క ఖాళీ, దాని టేకు చట్రం ఇప్పుడే కావాలి. అందులోకి 95,000 రూపాయల రంగుల గాజు ఇప్పుడే రానక్కర్లేదు. ప్రస్తుతానికి సాదా ఫ్రాస్టెడ్ లామినేటెడ్ గ్లాస్ బిగించండి. లామినేటెడ్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. తలుపు గడియకు చెయ్యి అందే దూరంలో మామూలు గాజు పెడితే, దొంగకు తాళం పగలగొట్టే శ్రమ కూడా తప్పించినట్టే. లామినేటెడ్ గాజు పగిలినా మధ్యలోని పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. ద్వారం పడమటి ముఖమైతే ఇంకో మాట. ఖమ్మం ఎండలకు పెద్ద గాజు హాలుకు ఎంత అందమో, కరెంటు బిల్లుకు అంతకు మించిన భారం. ఆ ఖాళీని సన్నగా ఉంచండి.

రెయిలింగ్ లేకుండా గృహప్రవేశం చేయకూడదు, కానీ అది గాజుదే కావాలని లేదు. మీ కాగితంలో ‘12 ఎం.ఎం. గ్లాస్’ అని మాత్రమే ఉంది. అది టఫెన్డా, లామినేటెడా? టఫెన్డ్ గాజు మామూలు దానికంటే నాలుగైదు రెట్లు గట్టిది, పగిలితే పదునులేని చిన్న ముక్కలవుతుంది. గదుల మధ్య, తలుపుల్లో అది మేలే. మెట్ల అంచున మాత్రం ఒక్కసారిగా ముక్కలై రాలిందంటే అక్కడ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే రెయిలింగ్‌కు టఫెన్డ్ గాజు పలకలను లామినేట్ చేసి వాడాలి, దానికి ఖర్చు ఇంకా పెరుగుతుంది. బరువూ తక్కువేమీ కాదు. 12 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. ఇంత తతంగం కన్నా స్టీలు రెయిలింగ్ మేలని నా అభిప్రాయం. దానికి 55,000 లోపు పెట్టుకోండి.

పూజగది తలుపులు మీ అత్తగారి కోరిక అని రాశారు. 60,000 పెట్టండి, బేరాలొద్దు. రెండు జాగ్రత్తలు చాలు. దీపం వేడికి మామూలు గాజు చిట్లుతుంది, టఫెన్డ్ అయితే ఓర్చుకుంటుంది. ఎచింగ్ చేసిన గరుకు వైపు నూనె చేతులు తగిలితే మరకలు వదలవు, ఆ వైపు చేతికి తగలకుండా ఉండే రకం అడగండి. తామరపువ్వులైనా, నామాలైనా డిజైను ముందే ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే టఫెన్ చేశాక గాజును కోయడం, రంధ్రాలు పెట్టడం కుదరదు.

స్నానాల గది తలుపులు 20,000 సరే, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) తీసుకోండి. ఇక్కడ మీ ఊరి మాట ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమిన) పలకలపై ప్లాస్టిక్ పొర అతికించి చేసిన మెంబ్రేన్ తలుపులు చవకగా, నున్నగా ఉంటాయి కానీ తడిస్తే ఉబ్బిపోతాయి. కింది అంతస్తులో వాటి జోలికి వెళ్లకండి.

పార్టిషన్, వార్డ్‌రోబ్ గాజు రెండూ వదిలేయండి. వార్డ్‌రోబ్ తలుపులకు గాజు బదులు లామినేట్ షీటు వేయించుకుంటే దుస్తులు ఫిర్యాదు చేయవు. రేపు ఇల్లు అమ్మినా, మళ్లీ రుణానికి వెళ్లినా బ్యాంకు వాల్యూయర్ చూసేది స్థలాన్ని, కట్టడాన్ని. లాకర్డ్ గ్లాస్ మెరుపుకు ఆయన విడిగా విలువ కట్టడు.

ఇప్పుడు కూడండి. పూజగదికి 60,000, స్నానాల గదులకు 20,000, రెయిలింగ్‌కు 55,000, ద్వారం పక్క సాదా గాజుకు 25,000 అనుకుందాం. 1,60,000, జీఎస్టీతో 1,88,800. ఐదు నెలల మిగులు లక్షా యాభై వేలు, ఎఫ్‌డీలో వాడదగ్గ అరవై వేలు కలిపితే 2,10,000. సరిపోతుంది, ఒక్క రూపాయి అప్పు లేకుండా. గృహప్రవేశం తర్వాత ఎప్‌సెట్, కౌన్సెలింగ్, కాలేజీ ఫీజు, బహుశా హాస్టలు వరుసగా వస్తాయి. అప్పటికి మీ నెలవారీ 30,000 ఏ వాయిదాకూ బందీ కాకుండా ఉండాలి.

ఇంత చెప్పినా మొత్తం పని ఇప్పుడే కావాలని ఇంట్లో పట్టుబడితే, పర్సనల్ లోన్ కాకుండా టాప్‌అప్ తీసుకుని మూడేళ్లలో తీర్చే షరతు మీకు మీరే పెట్టుకోండి. నెలకు 15,900 అవుతుంది, వడ్డీ 72,400 దగ్గర ఆగుతుంది. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) రుణాన్ని ముందే తీర్చినందుకు వ్యక్తుల నుంచి బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదు. అయితే మీ మిగులులో సగానికి పైగా అక్కడికే పోతుంది.

దుకాణానికి వెళ్లినప్పుడు కొలతల లెక్క అడగండి. గాజు కొలతను పై ఆరంగుళాలకు సవరించి బిల్లు వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. 25 అంగుళాల వెడల్పు, 79 అంగుళాల ఎత్తున్న పలక నిజానికి 13.7 చదరపు అడుగులే. 30కి 84గా లెక్కిస్తే 17.5 అడుగులకు డబ్బు కడతారు. చట్రాన్ని 24కి 78గా చేయించుకుంటే 13 అడుగులతో పోతుంది. ఈ మాట వడ్రంగికి ఇప్పుడే చెప్పాలి, చట్రం బిగించాక కాదు. చివరి కొలతలు మాత్రం చట్రాలు బిగించి, గచ్చు పని ముగిశాకే తీయించండి. కొలత తప్పినా, బిగించేటప్పుడు పగిలినా కొత్తది వారి ఖర్చుతోనే ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సు 40 శాతం మించకూడదు. ప్రతి పలక మూలనా ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 2553 (భద్రతా గాజు ప్రమాణం) అంకె చూసుకున్నాకే మిగతాది ఇవ్వండి.

ఇంటికి బీమా తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలు ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదంతో పాటు వరద, తుపాను నష్టాలు అందులో ఉంటాయి. బిగించిన తలుపులు, గాజు కట్టడంలో భాగమే కాబట్టి బీమా మొత్తం రాసేటప్పుడు వాటి విలువనూ కలపమని చెప్పండి, బిల్లులు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.