రెండు ‘ట్యూషన్’ల మధ్య 3,200 డాలర్లు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయి 2024 ఆగస్టులో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) చేరాడు. 2027లో కంప్యూటర్ సైన్స్‌లో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలన్నది అతని ఉద్దేశం. వసంతకాలం సెమిస్టర్‌లో మొదటి కాల్క్యులస్‌లో ‘డీ’ వచ్చింది. ఈ ఆగస్టులో మళ్లీ తీసుకుంటున్నాడు. ఒక ప్రైవేటు సంస్థ 40 గంటల ట్యూషన్‌కు 3,200 డాలర్లు ముందుగానే కట్టమంటోంది. అబ్బాయి పేరున ఉన్న 529 అనే చదువు పొదుపు ఖాతాలో 31,000 డాలర్లున్నాయి, అందులో మేము వేసినది 18,000. ‘ట్యూషన్‌కు 529 నుంచి తీసుకోవచ్చు’ అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? పన్నులో క్రెడిట్ వస్తుందా? మా ఉమ్మడి ఆదాయం 1,48,000 డాలర్లు. నిరుడు విద్యా క్రెడిట్లేవీ తీసుకోలేదు. అబ్బాయి వారానికి 24 గంటలు ఒక దుకాణంలో గంటకు 18 డాలర్లకు పనిచేస్తాడు. షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది.

జవాబు: మీ స్నేహితులు చెప్పినది అబద్ధం కాదు, కానీ ఒక మాట రెండు అర్థాల మధ్య చిక్కుకుపోయింది. మనకు ‘ట్యూషన్’ అంటే సాయంత్రం మాస్టారింటికి వెళ్లి చెప్పించుకునే పాఠం. అమెరికా పన్ను చట్టంలో అదే మాటకు అర్థం కాలేజీకి కట్టే బోధన రుసుము. 529 ఖాతా నుంచి పన్ను లేకుండా తీసుకోగలిగేది ఈ రెండో ట్యూషన్‌కు, తప్పనిసరి ఫీజులకు, పుస్తకాలకు, కోర్సుకు అవసరమైన సామగ్రికి, ఇలాంటి మరికొన్ని చదువు ఖర్చులకు. కాలేజీ విద్యార్థి బయట పెట్టించుకునే ప్రైవేటు పాఠం ఆ జాబితాలో లేదు. 2025 జూలైలో వచ్చిన ఫెడరల్ చట్టం పాఠశాల స్థాయి పిల్లల ప్రైవేటు పాఠాలను కొన్ని షరతులతో 529 ఖర్చుల్లో చేర్చిన మాట నిజమే. మీ స్నేహితులు విన్నది బహుశా దాని గురించే అయి ఉంటుంది. పన్నెండో తరగతి దాటిన మీ అబ్బాయికి అది వర్తించదు.

అయినా తీసేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. మీ ఖాతాలో లాభం 13,000 కనుక, మీరు తీసే 3,200లో దాదాపు 1,342 డాలర్లను లాభంగా పరిగణిస్తారు. దాని మీద మామూలు ఆదాయపు పన్నుతో పాటు ఫెడరల్ ప్రభుత్వానికి 10 శాతం, కాలిఫోర్నియాకు రెండున్నర శాతం అదనంగా కట్టాలి. మీ ఫెడరల్ శ్లాబు 22 శాతం, రాష్ట్ర శ్లాబు 8 శాతం అనుకుంటే మొత్తం 570 డాలర్ల వరకు పోతుంది. అంటే గంటకు 80 డాలర్లని మీరు అనుకుంటున్న పాఠం నిజానికి 94 డాలర్లు పడుతుంది. కనుక 529 జోలికి పోకండి. అబ్బాయి యూనివర్సిటీకి వెళ్లి హాస్టల్లో ఉన్నప్పుడు బోధన రుసుముతో పాటు గది అద్దె, భోజనం కూడా ఆ ఖాతా నుంచే కట్టుకోవచ్చు. దాని అసలు అవసరం అప్పుడు వస్తుంది.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. నా దృష్టిలో మొదట అడగవలసినది అదే: ఈ సహాయానికి మీరు ఇప్పటికే డబ్బు కట్టి ఉన్నారు కదా, దాన్ని వాడుకున్నారా?

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. కోర్సు పరిమాణాన్ని యూనిట్లలో లెక్కిస్తారు. రాష్ట్రవాసులకు యూనిట్‌కు రుసుము 46 డాలర్లు. ఐదు యూనిట్ల కాల్క్యులస్‌కు 230 డాలర్లు. ఆ రుసుముతోనూ మీరు కట్టే రాష్ట్ర పన్నులతోనూ నడిచేదే కాలేజీ ట్యూటరింగ్ సెంటర్. విద్యార్థి అక్కడికి వెళ్లినందుకు విడిగా ఏమీ కట్టనక్కర్లేదు. చాలా చోట్ల ముందుగా ‘సూపర్వైజ్డ్ ట్యూటరింగ్’ అనే సున్నా యూనిట్ల కోర్సులో నమోదు కమ్మంటారు. షెడ్యూలులో కొత్త కోర్సు కనబడిందని కంగారు పడకండి. దానికి ఫీజు లేదు, గ్రేడు లేదు. విద్యార్థి ఎన్ని గంటలు కూర్చున్నాడో లెక్క ఉంటేనే కాలేజీకి రాష్ట్రం నుంచి నిధులొస్తాయి కనుక లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు హాజరు నమోదు చేస్తారు. సాయంత్రాలకు నెట్‌ట్యూటర్ వంటి ఆన్‌లైన్ సేవ ఉంటుంది. చాలా కాలేజీలు దాన్ని కాన్వాస్ అనే తమ కోర్సుల వెబ్‌సైట్‌లోనే పెడతాయి. రాత్రి తొమ్మిదింటికి పని దిగి వచ్చిన పిల్లవాడికి కూడా అది అందుతుంది.

ఈ సేవలు ఇటీవల మరింత ముఖ్యమయ్యాయి. 2017లో వచ్చిన ఏబీ 705, 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టాల తర్వాత, అసలు కోర్సుకు ముందు ఒకప్పుడు విద్యార్థులను ఏడాది పాటు కూర్చోబెట్టిన కింది స్థాయి మెట్ల కోర్సులు చాలావరకు పోయాయి. పిల్లలు నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి (యూనివర్సిటీ లెక్కలోకి తీసుకునే) గణితంలో చేరుతున్నారు. మెట్లు తీసేసిన చోట చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలి కనుక, ప్రధాన కోర్సుకు జతగా సహాయ కోర్సులు వచ్చాయి, తరగతి గదిలోనే ట్యూటర్లను కూర్చోబెడుతున్నారు. అబ్బాయి సెక్షన్ ఎంచుకునేటప్పుడు అలాంటి సహాయం జతగా ఉన్న సెక్షన్ ఉందేమో ముందు వెతకమనండి.

‘సెంటర్‌కు వెళితే చదువు రానివాడు అనుకుంటారని మావాడికి సిగ్గు’ అని చాలామంది తల్లిదండ్రులు నాతో అంటుంటారు. ఈ సిగ్గు కొత్తది కాదు. 1973లో కాన్సాస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీలో డియానా మార్టిన్ ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ పద్ధతిని ప్రారంభించినప్పుడు దీనికి చక్కని ఉపాయం చేశారు. సహాయాన్ని వెనుకబడిన విద్యార్థికి కాక కష్టమైన కోర్సుకు తగిలించారు. ఆ కోర్సును అంతకుముందు బాగా పూర్తి చేసిన విద్యార్థి మళ్లీ తరగతిలో కూర్చుంటాడు, తర్వాత అందరికీ కలిపి అభ్యాసం చేయిస్తాడు. ‘ఏ’ గ్రేడు వచ్చే పిల్లలూ వస్తారు కనుక ఎవరు ఎందుకు వచ్చారని ఎవరూ అడగరు. మీ కాలేజీలో కాల్క్యులస్‌కు ఇది ఉంటే మొదటి వారం నుంచే వెళ్లడం మంచిది.

సెంటర్‌లో అరగంట ఎలా గడుస్తుందో మీకు తెలియాలి, ఎందుకంటే అబ్బాయి మొదటిసారి వెళ్లి ‘వాళ్లు ఏమీ చెప్పలేదు’ అని తిరిగి రావచ్చు. సైన్ లోపల ఎక్స్ స్క్వేర్ ఉన్న ఫంక్షన్‌కు డెరివేటివ్ తీయమంటే అతను ‘కాస్ 2ఎక్స్’ అని రాశాడనుకోండి. ట్యూటర్ సరైన జవాబు రాసి ఇవ్వడు. ‘ఇందులో బయటి ఫంక్షన్ ఏది, లోపలిది ఏది?’ అని అడిగి ఊరుకుంటాడు. బయటి సైన్ కాస్ అవుతుంది, లోపలి ఎక్స్ స్క్వేర్ అలాగే ఉంటుంది, దాని డెరివేటివ్ 2ఎక్స్ పక్కన గుణకంగా వస్తుంది. ఆ మాట అబ్బాయి నోటినుంచి వచ్చేదాకా ట్యూటర్ కదలడు. ఇంట్లో అర్థమైనట్లే ఉండి పరీక్షలో మరచిపోయే పిల్లలకు కావలసిన వైద్యం ఇదే. తాను ఎక్కడిదాకా చేసి ఆగిపోయాడో ఆ కాగితంతో వెళితేనే దీనివల్ల ఉపయోగం. ఖాళీ నోటు పుస్తకంతో వెళితే అరగంట వృథా.

ఇంత ఉన్నా మీ అబ్బాయి ఎందుకు వెళ్లలేదు? మీ లేఖలోనే జవాబుంది. వారానికి 24 గంటల పని, షిఫ్టు రెండింటికి మొదలు. ఉదయం తరగతులు, మధ్యాహ్నం నుంచి దుకాణం అంటే సెంటర్ తెరిచి ఉండే వేళల్లో అతను తరగతిలోనైనా ఉంటాడు, బిల్లింగ్ కౌంటర్ దగ్గరైనా ఉంటాడు. ఈ టైంటేబుల్ మారకుండా 40 గంటల ప్రైవేటు పాఠం తెచ్చి పెట్టినా దాన్ని ఎప్పుడు చదువుతాడు? నా దగ్గర సలహా తీసుకునే ఒక కుటుంబం నిరుడు ఇలాంటి ప్యాకేజీనే కొన్నది. 40 గంటల్లో వాడుకున్నవి 17, మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. అమ్మాయి సోమరి కాదు, ఆమెకు నిజంగానే తీరిక లేదు.

కనుక నా సలహా ఇది: మీరు కొనవలసినది ట్యూటర్‌ను కాదు, మీ అబ్బాయి సమయాన్ని. అతను పనిని 24 గంటల నుంచి 16 గంటలకు తగ్గించుకుంటే వారానికి 144 డాలర్లు, 16 వారాల సెమిస్టర్‌కు 2,304 డాలర్లు తగ్గుతాయి. ఆ లోటు మీరు పూడ్చండి. ట్యూటర్ కోసం అనుకున్న 3,200లో ఇంకా 896 మిగులుతాయి. దుకాణం వాళ్లతో సెమిస్టర్ మొదలు కాకముందే మాట్లాడి, వారంలో రెండు రోజుల షిఫ్టు పూర్తిగా తీసేయించుకోవడం మేలు. రోజుకు గంటన్నర చొప్పున కోయించుకుంటే సెంటర్‌కు వెళ్లే వేళ కుదరదు.

ఊరకే ఇవ్వమనడం లేదు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో మొదలైన ‘అసాప్’ అనే పథకంలో ట్యూటరింగ్, సలహాదారు, ఫీజు లోటు భర్తీతో పాటు ప్రయాణానికి ఉచిత మెట్రోకార్డు కూడా ఇచ్చారు. అయితే కార్డు కావాలంటే పథకంలో పాల్గొంటూ ఉండాలి. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ జరిపిన పరిశీలనలో మూడేళ్లలో పట్టా పొందినవారు ఈ పథకంలో 40 శాతం, బయట 22 శాతం. మన ఇళ్లలోనూ అదే సూత్రం పెట్టుకోవచ్చు. ఆదా అయిన ఎనిమిది గంటల్లో నాలుగు గంటలు సెంటర్‌లో గడిపిన వారానికే 144 డాలర్లు అని చెప్పండి. హాజరు వివరాలు అతనే మీకు చూపించాలి. కాలేజీలో చేరాక విద్యార్థి రికార్డులు అతని సొంతం. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, మామూలుగా అతని అనుమతి లేనిదే కాలేజీ మీకు ఏమీ చెప్పదు.

‘230 డాలర్ల కోర్సు కోసం ఇంత ఖర్చా?’ అని మీకు అనిపించవచ్చు. కోర్సు తప్పితే పోయేది 230 మాత్రమే కాదు. మొదటి కాల్క్యులస్‌లో ‘సీ’ వస్తే తప్ప రెండోది తీసుకోవడానికి వీలుండదు, దాని తర్వాతే మూడోది. యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ఎక్కువగా ఏడాదికొకసారి, ఆగస్టు, సెప్టెంబరు ప్రవేశాలకే జరుగుతుంది. ఒక సెమిస్టర్ జారితే ఒక ఏడాది జారే ప్రమాదం ఉంది. పైగా రాష్ట్ర నిబంధన ప్రకారం ఒక కోర్సును సాధారణంగా మూడుసార్లకు మించి ప్రయత్నించనివ్వరు. వచ్చిన ‘డీ’ అందులో ఒకటి. మధ్యలో మానేసి ‘డబ్ల్యూ’ (కోర్సు మానుకున్నట్టు రికార్డులో పడే గుర్తు) తెచ్చుకున్నా అదీ ఒక ప్రయత్నంగానే లెక్క. ‘డబ్ల్యూ’ లేకుండా మానుకోవడానికి కాలేజీ క్యాలెండరులో ఇచ్చిన చివరి తేదీని ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. మొదటి పరీక్ష మార్కులు ఆ తేదీకి ముందే చేతికొస్తాయో లేదో ప్రొఫెసర్‌ను అడగమనండి.

పన్ను క్రెడిట్ విషయానికొస్తే, ప్రైవేటు పాఠానికి అది రాదు. కాలేజీ రుసుముకూ పుస్తకాలకూ వస్తుంది. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌లో మొదటి 2,000 డాలర్లకు పూర్తిగా, తర్వాతి 2,000కు 25 శాతం చొప్పున గరిష్ఠంగా 2,500 డాలర్లు తగ్గుతుంది. ఉమ్మడి రిటర్నుకు ఆదాయం 1,60,000 లోపు ఉంటే పూర్తిగా వస్తుంది, కనుక మీకు ఇబ్బంది లేదు. అయితే ఒక విద్యార్థికి నాలుగు పన్ను సంవత్సరాలకు మించి దీన్ని ఇవ్వరు, ట్రాన్స్‌ఫర్ దారిలో వెళ్లేవారు చాలామంది పొరపడేది ఇక్కడే. మీ అబ్బాయి చదువు 2024 నుంచి 2029 దాకా ఆరు క్యాలెండర్ సంవత్సరాలను తాకుతుంది. 2027, 2028, 2029లలో యూనివర్సిటీ రుసుము పెద్దది కనుక మూడేళ్లు వాటికి అట్టిపెట్టుకోండి. మిగిలిన ఒక్క క్రెడిట్‌ను 2025, 2026లలో దేనికి ఎక్కువ ఖర్చైతే దానికి వాడండి. ఉదాహరణకు ఒక ఏడాదిలో 26 యూనిట్లు తీసుకుంటే 1,196 డాలర్లు, పుస్తకాలు మరో 600 అనుకుంటే 1,796 డాలర్లూ పన్నులో తగ్గిపోతాయి. ఆ రెంటిలో మిగిలిన ఏడాదికి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద రుసుములో 20 శాతం తీసుకోవచ్చు. 2024 రిటర్నును సవరించి ఒక్క సెమిస్టర్ కోసం పెద్ద క్రెడిట్‌ను ఖర్చు చేసుకోకండి. క్రెడిట్ తీసుకునే ఖర్చునే 529 నుంచి కూడా కట్టకూడదు. అందుకే కమ్యూనిటీ కాలేజీ రుసుము జేబులోంచే కట్టండి.

ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాల పిల్లలకు ఈఓపీఎస్, ట్రియో వంటి పథకాల్లో ట్యూటరింగ్‌తో పాటు ప్రత్యేక కౌన్సెలర్ కూడా దొరుకుతారు. మీ ఆదాయానికి అవి వర్తించకపోవచ్చు. అబ్బాయికి చదవడంలోనో రాయడంలోనో నిర్ధారణ అయిన ఇబ్బంది ఉంటే మాత్రం, ఆదాయంతో నిమిత్తం లేకుండా కాలేజీలో వైకల్యమున్న విద్యార్థులకు తోడ్పడే డీఎస్‌పీఎస్ కార్యాలయం పరీక్షలో అదనపు సమయం ఇప్పిస్తుంది.

మిగిలిన 896 డాలర్లను ఇప్పుడే ఎవరికీ కట్టకండి. మొదటి పరీక్ష అయ్యాక, సెంటర్‌కు క్రమంగా వెళ్లినా ఫలానా అధ్యాయం కొరుకుడు పడటం లేదని తేలితే, అప్పుడు ప్రైవేటు ట్యూటర్‌ను గంటకింతని మాట్లాడుకోండి. 80 డాలర్ల చొప్పున 11 గంటలొస్తాయి. 40 గంటల ఒప్పందం మీద సంతకం పెట్టమంటే, వాడని గంటల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో కాగితం మీద రాసి ఇమ్మనండి. హోంవర్కు చేసి పెడతామని, ఆన్‌లైన్ పరీక్షలో పక్కన ఉంటామని ఎవరైనా అంటే అక్కడే మాట ముగించండి. అది బయటపడితే ‘డీ’ కన్నా పెద్ద మచ్చ రికార్డులో మిగులుతుంది.